గోతాం అక్క, ఇరవై రెండు కొట్లు

ఈ మధ్య పక్క వీధుల కొట్లవాళ్ళు పొద్దున్నే నా కొట్టు ముందు నిలబడుతున్నారు. జిరాక్సుల కోసం అనుకుంటే పొరపాటే. "గోతాం అక్క ఉందా?" అని అడుగుతారు. భుజాన ఖాళీ గోతాం సంచులు వేసుకుని తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. నాకు మాత్రం వదిన. ఆవిడకు చెత్త అంటే అసహ్యం లేదు. నాకుంది. చేతికి సిరా అంటితేనే చిరాకుపడే మనిషిని. అలాంటివాణ్ణి ఒక పూటంతా కూర్చోబెట్టి, నా చెత్తబుట్టలోంచి నా చేతే పిన్నులు ఏరించింది.

వదిన ఇరవై ఏళ్ళు ఒక టైలరు దగ్గర గుడ్డ కత్తిరించే పని చేసింది. ఆ కొట్టు మూతపడ్డాక ఇంట్లో తోచక మా అన్నయ్య ప్రాణం తీస్తుండేది. సరిగ్గా అప్పుడే మా వీధికి మున్సిపల్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. వీధి చివర ఇక కుప్ప పోయకూడదు. ఏ కొట్టు చెత్త ఎక్కడికి పోతుందో తొంభై రోజుల్లో తేల్చి, వీధి మొత్తానికి కలిపి ఒకే పత్రం ఇవ్వాలి. ఇవ్వకపోతే ఎవరి లైసెన్సూ పొడిగించరు. మావి ఇరవై రెండు చిన్న కొట్లు. జ్యూసు కొట్టు వాడికి గ్లాసులు కడిగే తీరికే లేదు, తొక్కలు వేరు చేసే తీరిక ఎక్కడిది? అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం.

"నేను చూస్తాలే" అంది వదిన.

"నువ్వేం చూస్తావు వదినా?" అని నవ్వాను.

"కత్తెర పెట్టే ముందు గుడ్డ పరిచి చూసుకోవాలయ్యా. మీరు చూడకుండానే పారేస్తున్నారు. అదీ మీ రోగం."

మర్నాటి నుంచి పాత దుప్పటి ఒకటి చంకన పెట్టుకుని కొట్టు కొట్టుకూ బయల్దేరింది. దుప్పటి నేల మీద పరిచి, చెత్తబుట్ట దాని మీద బోర్లించి, యజమానిని పక్కన కూర్చోమనేది. ఉపన్యాసం ఏమీ ఉండదు. చూడమనేది, అంతే. జ్యూసు కొట్టు బుట్టలోంచి తొమ్మిది చెంచాలు, నెల రోజులుగా వెతుకుతున్న షట్టరు తాళంచెవి బయటపడ్డాయి. వాడు పెళ్ళాన్ని అనుమానించాడట పాపం. నా బుట్టలో ఒకవైపే అచ్చయిన కాగితాలు దిండంత ఉన్నాయి.

"మరిదిగారూ, ఇది చెత్త కాదు, రాయని పుస్తకం" అని వెక్కిరించింది. నా మొహం మాడిపోయింది.

అలా చూస్తూ చూస్తూనే దార్లు వెతికింది. నా కాగితాలు అట్టపెట్టెలు చేసేవాళ్ళకు, గుడ్డ పేలికలు దిండ్లు కుట్టేవాళ్ళకు వెళ్ళసాగాయి. తొక్కలూ, కూరగాయల కొట్టు వాళ్ళ కుళ్ళు సరుకూ వడ్రంగి పెద్దాయన కొట్టు వెనక గోతిలో వేసి ఎరువు చేయాలని నిర్ణయించింది. తొక్కల తడి పీల్చుకోవడానికి మధ్య మధ్య రంపపు పొట్టు చల్లమని ఆయనకు చెప్పింది. ఆ ఎరువు తీసుకోవడానికి మొక్కలమ్మే నర్సరీ ఆయన ఒప్పుకున్నాడు గానీ, ఒక మెలిక పెట్టాడు.

"ముందు ఒక ట్రే టమాటా నారు మీ ఎరువులో వేసి చూస్తాను. అది లేస్తేనే మీ పత్రం మీద సంతకం."

అంటే మా ఇరవై రెండు లైసెన్సులూ ఆ ట్రే మీద ఆధారపడ్డాయన్నమాట.

రెండు నెలలు గడిచేసరికి వీధి చివర కుప్ప మాయమైంది. అక్కడికి వచ్చేసరికి ముక్కు మూసుకునే అలవాటు కూడా పోయింది. వీధిలో వదిన నడిచి వెళుతుంటే ఆవిడ మరిదినని చెప్పుకోవడానికి నేనే ముందుకు వచ్చేవాణ్ణి. గడువు ఇంకా తొమ్మిది రోజులుందనగా నర్సరీ ఆయన ట్రే పట్టుకుని వచ్చాడు. నారంతా పసుపు రంగుకు తిరిగి వాలిపోయి ఉంది.

"పాత కుప్పే నయం! నీ మాట విని నిండా మునిగాం అక్కా" అని జ్యూసు కొట్టు వాడు వీధంతా వినిపించేలా అరిచాడు. నేను అరవలేదు గానీ, మనసులో అనుకున్నది అదే.

వదిన నేరుగా గోతి దగ్గరికి వెళ్ళింది. దుప్పటి పరిచి, గోతిలోని ఎరువును పొర తర్వాత పొరగా తీసి పరిచింది. మిట్టమధ్యాహ్నం ఎండలో వంగి వేళ్ళతో నలిపి చూసింది. మూడో పొరలో బూడిద రంగు పొడి కనిపించింది, మొహానికి రాసుకునే పౌడరంత మెత్తగా.

"ఇదేంటన్నా?" అని వడ్రంగిని అడిగింది.

"నువ్వడిగిన పొట్టే చెల్లెమ్మా. ముతకది ఇస్తే ఏం బాగుంటుందని, జల్లెడ పట్టి మరీ మెత్తటిది వేశాను."

అది ప్లైవుడ్డు పలకల్ని గరుకు కాగితంతో రుద్దితే రాలిన పొడి. నిండా జిగురు, రంగు; నారును చంపింది అదే. ఆ పెద్దాయన జన్మలో ఎవరికీ నాసిరకం సరుకు ఇచ్చి ఎరగడు. గోతిలో వేసేదైనా సరే, మంచిదే ఇవ్వాలనుకున్నాడు. వదిన ఆ ఎండలోనే కూలబడింది.

"నేను పొట్టు అన్నాను గానీ ఏ చెక్క పొట్టో చెప్పలేదు" అంది. ఆ గొంతు వినగానే నాకు ఆవిడ మీద ఉన్న కోపమంతా దిగిపోయింది.

తొంభయ్యో రోజు అధికారి వచ్చాడు. వడ్రంగి కొట్టులోనే బల్ల వేసి కూర్చోబెట్టాం. నర్సరీ ఆయనా వచ్చాడు. వదిన దాపరికం లేకుండా జరిగిందంతా చెప్పింది. పొడి మొత్తం తీసేశామనీ, కొత్త గొయ్యి మొదలుపెట్టామనీ, ఇంకో మూడు నెలలు కావాలనీ అడిగింది.

అధికారి చెడ్డవాడేం కాదు. "తప్పు ఒక్క కొట్టుదే కదమ్మా. ఆ ఒక్కటీ తీసేసి ఇరవై ఒకటికి పత్రం రాయండి. గడువు పొడిగిస్తాను" అన్నాడు.

నా ప్రాణం లేచి వచ్చింది. "ఒప్పేసుకో వదినా" అని చెవిలో గొణిగాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"నన్ను తీసేయండి బాబూ. నా మూలంగా ఇంతమంది నోట్లో మట్టి ఎందుకు?" అన్నాడు వడ్రంగి, తల ఎత్తకుండా.

"కుదరదండీ" అంది వదిన. "తప్పు ఆయన చేతిది కాదు, నా నోటిది. తీసేస్తే నన్ను తీసేయండి."

"సరే, అలాగే కానివ్వండి" అంటూ అధికారి కలం తీశాడు. "మీ కొట్టు నంబరెంత?"

వదిన ఏ నంబరు చెబుతుంది? ఆవిడకు కొట్టు లేదు. మూడు నెలలుగా అందరి బుట్టలూ బోర్లించుకుంటూ తిరిగిన మనిషికి ఆ వీధిలో పోయేదంటూ ఏమీ లేదని అప్పటిదాకా మాలో ఒక్కడికీ తట్టలేదు. ఒకే ఇంట్లో ఉంటున్న నాకూ తట్టలేదు.

"పదకొండు సార్" అన్నాడు జ్యూసు కొట్టు వాడు లేచి నిలబడి. "జ్యూసు కొట్టు. ఆవిడదే అని రాసుకోండి."

"ఏడు కూడా" అన్నాడు క్షవరం కొట్టు పెద్దాయన.

"ఇరవై రెండు" అన్నాడు వడ్రంగి. తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు తలా ఒక నంబరు చెప్పసాగారు. నాలుగో నంబరు నాది. అదీ చెప్పాను.

అధికారి కలం కింద పెట్టి నర్సరీ ఆయన వైపు చూశాడు.

"ఇంకో ట్రే వేస్తాలెండి" అన్నాడాయన.

మూడు నెలల గడువు ఇరవై రెండు కొట్లకూ దొరికింది. అధికారి వెళ్ళాక కూడా వదిన అక్కడే నిలబడి మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. తర్వాత మా అందరి వంకా ఒక్కసారి చూసింది.

"ఇన్ని కొట్లు నేనొక్కదాన్నే ఎక్కడ చూసుకుంటాను? పొండి, షట్టర్లు తీయండి" అంది.