స్క్రూ మీద రెండో చుక్క

మా పిన్నిని చంపింది మావయ్యేనని ఇరవై ఆరేళ్ళుగా మా ఇంట్లో నమ్ముతున్నారు. ఆ మాట మొదట అన్నది బయటివాళ్ళు కాదు. ఆయన తోడబుట్టిన మా అమ్మే.

పిన్ని గిటారు వాయిస్తూ పాడేది. ఆమె కోసం మావయ్య తన చేత్తోనే గాజు వాల్వులతో యాంప్లిఫయర్ పెట్టె తయారుచేశాడు. ఒక సాయంత్రం వేదిక మీద గిటారు పట్టుకుని మైకుకి పెదవులు ఆనించగానే ఆమె కరెంటు కొట్టి కుప్పకూలిపోయింది. యాంప్లిఫయర్‌కి ఎర్త్ వైరు బిగించి లేదన్నారు. "వీడే బిగించడం మరిచాడు" అంది అమ్మ. ఆ గొడవలో పెట్టె ఎవరు పట్టుకుపోయారో తెలియలేదు. మరిచాడో లేదో ఆయనకే తెలియకుండా పోయింది.

అప్పట్నుంచి ఇరుకు గదిలో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తూ బతికాడు. ఎవరింటికెళ్ళినా కూర్చోకముందే ప్లగ్గు విప్పి ఎర్త్ వైరు చూసేవాడు. చుట్టాలు నవ్వుకునేవారు. తప్పు ఒకడి నెత్తిన రుద్దాక మిగతావాళ్ళకి నవ్వు బాగానే వస్తుంది.

నేను ఆ పెట్టె కోసం పాత సామాన్ల ప్రకటనలు వెతకడం మొదలుపెట్టాను. మూడేళ్ళకి ఒక ప్రకటన ఫొటోలో కనబడింది: ముందువైపు పచ్చగళ్ళ బట్ట. మా ఇంట్లోని ఫొటోలో పిన్ని వేసుకున్న గౌను బట్టే. కొని మావయ్య గదికి మోసుకెళ్ళాను.

"ఏరా, ఇనప్పెట్టె మోసుకొచ్చావు, కుస్తీకి గానీ తయారవుతున్నావా?" అని నవ్వబోయిన మావయ్య బట్ట చూసి ఆగిపోయాడు. "వెనక రేకు నువ్వే విప్పు" అన్నాడు.

ఆయనకొక అలవాటుండేది. స్క్రూ బిగించాక దాని మీద పిన్ని గోళ్ళరంగు ఒక చుక్క వేసేవాడు. ఎవరైనా విప్పితే చుక్క పగిలి తెలిసిపోతుంది. లోపల అన్ని స్క్రూల మీదా ఎర్రచుక్కలు చెక్కుచెదరలేదు. ఎర్త్ స్క్రూ మీది ఎరుపు మాత్రం పగిలి ఉంది. కింద ఉండాల్సిన వైరు, టేపు చుట్టి పక్కకి మడిచి ఉంది. పగిలిన ఎరుపు మీద ఇంకో చుక్క, కాఫీరంగుది.

"ఈ రంగు మీ పిన్ని ఆ కచేరీ వారమే కొనుక్కుంది" అన్నాడు మావయ్య. "బురదలా ఉందే అంటే రెండ్రోజులు మాట్లాడలేదు. పెట్టె గుయ్యిమంటోందన్నయ్యా, నా గొంతు వినబడట్లేదని ఒకటే గోల. ఎర్త్ తీస్తే ఆగుతుంది గానీ తియ్యకూడదే అన్నాను. మొదటి ముక్క ఒక్కటే విన్నట్టుంది."

"అయితే నువ్వు కాదు! పద మావయ్యా, అమ్మకి చూపిద్దాం."

ఆయన చిన్న కత్తితో కాఫీరంగు చుక్కని గీకేశాడు. నేను చెయ్యి పట్టుకునేలోగా వైరు మళ్ళీ బిగించేశాడు.

"ఏం చేశావ్! నీకు మతిపోయిందా?"

"తిట్టుకోవడానికి నేనున్నాను కాబట్టి మీ అమ్మ బతుకుతోందిరా. ఇక ఆ పోయినదాన్ని తిట్టుకోమంటావా?"

నాలుగు రోజులకి పాడైన భాగాలు మార్చి, మిట్టమధ్యాహ్నం నా ఎదుటే స్విచ్చి వేశాడు. వాల్వులు మెల్లగా నారింజరంగుకి తిరిగాయి. పెన్సిలుతో ఒకదాని మీద కొడితే స్పీకర్లో ఠంగుమంది. వాల్వు దగ్గర మూతి పెట్టి "ఏమే" అన్నాడు. "ఏమే" అంది స్పీకరు, ఆయన గొంతుతోనే.

తర్వాత ఎవరో ఊపిరి పీల్చినట్టు వినబడింది.

"అరిగిన వాల్వు. మన ఊపిరి కూడా పట్టేస్తుంది" అన్నాడు.

నేను ఊపిరి బిగపట్టాను. ఆయనా బిగపట్టాడు. స్పీకర్లో ఊపిరి ఆగలేదు.

ప్లగ్గు పీకేశాడు. పీకాక కొన్ని క్షణాలు మోగడం మామూలేనట. వాల్వులు ఆరిపోయాయి, గాజు చల్లబడింది. నేను ముట్టుకుని చూశాను. ఊపిరి మాత్రం వస్తూనే ఉంది. నేను గుమ్మం దాకా పరిగెత్తాను.

"బయటికి రా మావయ్యా!" గుమ్మంలోంచి కేకేశాను. నేను ఆయన్ని చూడటం అదే ఆఖరు.

వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "నువ్వెళ్ళరా. పాట ఎత్తుకునే ముందు మీ పిన్ని ఇలాగే ఊపిరి పీల్చేది. ఇప్పుడు లేచి వెళ్ళిపోతే అలుగుతుంది."