రత్నమ్మక్క సర్దిన పెట్టెలు

పోయిన వారం కుప్పం స్టేషన్లో బెంగుళూరు రైలు కోసం కూర్చుని ఉంటే, పక్క బెంచీ మీద ఒకామె పెద్ద సూట్‌కేసు మూత తెరిచి పిల్లవాడి చొక్కా కోసం వెతకసాగింది. గాలి నా వైపు వీచింది. కొత్త దుప్పట్లు, సబ్బులు, అత్తరు, తలనొప్పి తైలం, పాలపొడి కలిసి చాలా రోజులు మూతపడి ఉంటే వచ్చే వాసన అది. మా వైపు దాన్ని కువైట్ వాసన అంటారు. చాలామందికి అది పండగ వాసన, ఎందుకంటే ఇంటికి మనిషి వచ్చింది, సామాన్లు వచ్చాయి. నేను మాత్రం లేచి ఇంకో బెంచీకి మారాను. ఆ వాసన నాకు మదనపల్లెలో రత్నమ్మక్క అంగడి వాసన. తొంభైల చివర్లో కొన్నేళ్ళు నేను ఆ అంగడిలో పనిచేశాను, పనిచేసినన్నాళ్ళూ భయపడుతూనే ఉన్నాను. రైలు వచ్చేదాకా ఆమెను గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.

రత్నమ్మక్కను మీరు చూసి ఉండరు కాబట్టి చెబుతాను. పొట్టి మనిషి, కాస్త లావు, కళ్ళజోడు ఎప్పుడూ ముక్కు చివరకు జారి ఉండేది. బస్టాండు దగ్గరి సందులో ఆమెది ఫారిన్ సామాన్ల అంగడి. గల్ఫు నుంచి వచ్చినవాళ్ళు ఇంట్లోకి పోను మిగిలిన సబ్బులూ సెంటుసీసాలూ ఆమెకు అమ్మేవాళ్ళు, ఆమె వాటిని ఊళ్ళోవాళ్ళకు అమ్మేది. బేరమాడేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళుమంట. "ఇది పెండ్లికి పెట్టేదా, పిండానికి పెట్టేదా, ముందది తేల్సుకోనిరా పో" అని ఒకాయన్ని నా ముందే పంపేసింది. ఆమె కూడా కువైట్‌లో కొన్నాళ్ళు ఇంటిపని చేసి వచ్చిందని అందరికీ తెలుసు. ఎందుకు తిరిగొచ్చిందో, భర్త ఎందుకు విడిగా ఉంటాడో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. నేను ఇంటరు అయ్యాక పుంగనూరు నుంచి రోజూ బస్సెక్కి ఆమె దగ్గర పనికి వెళ్ళడానికి అసలు కారణం జీతం కాదు, ఆ అంగట్లో ఉన్న టెలిఫోను. ప్రతి శుక్రవారం మా అమ్మ ఆ నంబరుకే ఫోన్ చేసేది.

మా అమ్మ పేరు రెడ్డెమ్మ. మా నాన్న పోయాక నన్ను అవ్వ దగ్గర వదిలి కువైట్‌లో ఒక ఇంట్లో పనికి వెళ్ళింది. ఆ ఇంట్లో నిద్ర ఉండేది కాదు, జీతం అడిగితే కొట్టేవాళ్ళు. ఏడాది ఓర్చుకుని ఒకరోజు చెత్త పారేయడానికి బయటికి వచ్చి, అలాగే నడిచి వెళ్ళిపోయింది. అక్కడి పద్ధతిలో, పనికి పిలిపించుకున్న ఇల్లు వదిలితే ఆ దేశంలో ఉండే హక్కు కూడా పోతుంది. అకామా అని ఒక కార్డు ఉంటుంది, అది చెల్లకుండా పోతుంది. అది చాలదన్నట్టు ఆ ఇంటావిడ, గాజులు ఎత్తుకుపోయిందని అమ్మ మీద పోలీసు కేసు పెట్టింది. అప్పటి నుంచి అమ్మ మరో నలుగురు ఆడవాళ్ళతో ఒక గదిలో ఉంటూ, పగలు ఇళ్ళకు వెళ్ళి అంట్లు తోమి, పిల్లలను చూసుకుని వచ్చేది. ఆమె చేసే పని ఆ ఇళ్ళన్నిటికీ కావాలి, ఆమె పేరు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. పోలీసులు బస్టాపుల్లో నిలబడి కార్డు చూపించమంటున్నారని తెలిసి అమ్మ బస్సెక్కడం మానేసింది, ఎండలో నడిచే వెళ్ళేది. తనిఖీలు ఎక్కువైన నెలల్లో ఇళ్ళవాళ్ళు కూడా భయపడి తలుపులు తీయడం మానుకున్నారు. గదిలో ఒకామె కూరగాయలు తేవడానికి వెళ్ళి మళ్ళీ రాలేదట. ఆ మాట చెప్పినప్పుడు అమ్మ గొంతు ఎంత తగ్గిందంటే, రిసీవరు చెవికి అదిమి పెట్టుకున్నా సరిగా వినపడలేదు.

అంగట్లో పై అరమీద మూత బిగించిన సూట్‌కేసులు వరసగా ఉండేవి. చేరిన కొత్తలో ఒకాయన అడిగితే నేను స్టూలెక్కి ఒకటి దించబోయాను. "అవి అమ్మేటివి కాదుమే, దిగు" అంది రత్నమ్మక్క. ఎవరి కోసమో తర్వాత తెలిసింది. ఒక మధ్యాహ్నం బి.కొత్తకోట వైపు నుంచి కువైట్‌కు పోయిన ఒకామె అంగట్లోకి వచ్చింది. ఒంటి మీద నలిగిన బట్టలు, కాళ్ళకు తనవి కాని మగవాళ్ళ చెప్పులు. పనిచేసే చోట పట్టుకుని, జైల్లో పెట్టి, విమానం ఎక్కించి పంపేశారు. రత్నమ్మక్క ఆమెను ఒక్క మాట అడగలేదు. పెరట్లో నీళ్ళు పెట్టి స్నానం చేయించింది, మడత విప్పని చీర ఇచ్చింది, అన్నం పెట్టింది. తర్వాత పై నుంచి ఒక సూట్‌కేసు దించి, విమానంలో సామానుకు కట్టే పాత చీటీ ఒకటి డ్రాయరులోంచి తీసి దాని పిడికి కట్టింది.

"లీవులో వచ్చినానని సెప్పు. మళ్ళా ఎప్పుడు పోతావంటే, వాళ్ళు ఫోను సేస్తే పోతానను. పెట్టె దగ్గరుండి నువ్వే తెరువు, ముందు పిల్లోళ్ళకియ్యి" అని పాఠం చెప్పినట్టు చెప్పింది. ఆమె పెట్టె పట్టుకుని బస్టాండు వైపు వెళ్ళాక, ఇదంతా ఎందుకక్కా, జరిగిందే చెప్పుకోవచ్చు కదా అన్నాను. రత్నమ్మక్క నా వైపు చూడకుండా సబ్బులు సర్దుతూ, "ఉత్త సేతుల్తో ఊర్లోకి పోతే ఏమనుకుంటారు తెల్సా నీకు? అకామా లేక పట్టుబడిందనుకోరు. ఇంగేందో సేసి పట్టుబడిందనుకుంటారు. మొగుడే ముందనుకుంటాడు" అంది. నీకెట్లా తెలుసు అని అడగబోయి ఆగిపోయాను. ఆ తర్వాత అలాంటివాళ్ళు చాలామందే వచ్చారు. వచ్చిన ప్రతి ఒక్కరి చెప్పుల వైపూ చూస్తూ, వాటిలో మా అమ్మ పాదాలను ఊహించుకునేదాన్ని.

ఇంతలో కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించిందని పేపర్లో వచ్చింది. అకామా లేనివాళ్ళు ఫలానా గడువులోగా వచ్చి ఔట్‌పాస్ అనే ప్రయాణ కాగితం తీసుకుంటే శిక్ష లేకుండా సొంత దేశానికి వెళ్ళిపోవచ్చట. గడువు దాటితే ఇల్లిల్లూ వెతుకుతారట. ఆ శుక్రవారం అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను విషయం ఎత్తేలోపే, "గీతా, అది వల అంటాండారు ఈడ. పిల్సి, లోపలేస్తారంట" అంది. రమ్మంటే జైలు, వద్దంటే కూడా జైలే అనిపించింది. నా చేతిలోంచి రిసీవరు రత్నమ్మక్క తీసుకుంది. నేనూ దానికి చెవి ఆనించాను.

"రెడ్డెమ్మా, పో. పోయి ఔట్‌పాసు తీస్కో."

"నా మింద దొంగతనం కేసుండాదక్కా. ఆడికి పోతే ఆడ్నే పట్టుకుంటారు."

"నువ్వు తీసినావా?"

"లే."

"అట్లయితే పో. దాంకోని ఎన్నాళ్ళుంటావు? వాళ్ళొచ్చి పట్టుకుంటే మాట్లాడనీరు. నువ్వే పోతే ఒక మాటన్నా సెప్పుకోవచ్చు."

అమ్మ సరేనని ఫోన్ పెట్టేసింది. తీయలేదు కాబట్టి పో అనడం నాకు మతిలేని మాటలా తోచింది. తీయలేదని ఎవరు నమ్ముతారు? కానీ అప్పుడు ఆ మాట అనలేకపోయాను.

తర్వాతి శుక్రవారం ఫోన్ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. గడువు కూడా అయిపోయింది. కేసులున్న వాళ్ళను విడిగా కూర్చోబెట్టారని పుంగనూరులో ఎవరో చెప్పారని అవ్వ ఏడ్చింది. ఆమెకు ధైర్యం చెప్పి వచ్చి, అంగట్లో గల్లాపెట్టె ముందు నిలబడి రత్నమ్మక్క మీద విరుచుకుపడ్డాను. మా అమ్మకు ఏమైనా అయితే దానికి నువ్వే కారణం అన్నాను. ఆమె కళ్ళజోడు పైకి తోసుకుని నన్ను చూసింది. "అవును, నేనే. ఆ మాట యాడైనా ఒప్పుకుంటా" అంది. ఆ వెంటే, "బయపడద్దని సెప్పను నీకు. నాకూ బయంగానే ఉండాది. బయపడతానే పని సూడు" అని సబ్బుల డబ్బా నా ముందుకు జరిపింది. నేను ఏడుస్తూనే ఆ డబ్బా విప్పి సర్దాను. ఆ రోజుల్లో ఆమె మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళడం మానేసి ఫోను పక్కనే సంగటి తినేది. అది మోగితే చేతిలో ముద్ద వదిలేసి ఎత్తడం చూశాక నా కోపం చాలావరకు పోయింది. భయం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఒకరోజు పట్టపగలు, అంగడి గడప బయట ఒక మనిషి నిలబడి ఉంది. తల వంచుకుని, రెండు చేతులూ ముందుకు కట్టుకుని. ఏం కావాలమ్మా అని అడిగాను. ఆమె తలెత్తలేదు. లోపలి నుంచి రత్నమ్మక్క చూసి, "గీతా, మీయమ్మ" అంది. నేను గుర్తుపట్టలేనంతగా చిక్కిపోయింది. గట్టిగా పట్టుకుంటే ఎముకలు తగిలాయి. ఔట్‌పాస్‌కు వెళ్ళిన చోటే కేసు బయటపడిందట, కొన్ని వారాలు లోపల ఉంచి, గాజులెక్కడని అడిగి అడిగి, చివరకు వేలిముద్రలు తీసుకుని పంపేశారట. అదంతా ఆ రోజు చెప్పింది కాదు, తర్వాత నెలల తరబడి ముక్కలుగా తెలిసింది. ఆ రోజు రత్నమ్మక్క అందరికీ చేసినట్టే స్నానం చేయించి, అన్నం పెట్టి, ఉన్నవాటిలో మంచి సూట్‌కేసు దించి, చీటీ కట్టి, దాని పిడి అమ్మ చేతిలో పెట్టింది.

అమ్మ దాన్ని నిప్పు తగిలినట్టు వదిలేసింది. వెనక్కి వెనక్కి జరిగి గోడకు ఆనుకుని, "నాది కాదు. నేను తీయలే. నేను తీయలే" అంది. తర్వాత అదే మాట కాబోలు, అరబ్బీలో చెప్పింది. మళ్ళీ మళ్ళీ చెప్పింది. చీర కొంగు విప్పి దులిపి చూపించింది, రవికె చేతులు పైకి లాగి చూపించింది. రత్నమ్మక్క ఉన్నచోటే నిలబడిపోయింది. ఏం చేయాలో తోచక ఆమె నిలబడడం నేను చూడడం అదే మొదటిసారి. ఎంతోమందిని గడప దాటించిన ఉపాయం, దొంగ అనిపించుకుని వచ్చిన మనిషి దగ్గర పనిచేయలేదు. రత్నమ్మక్క చీటీ విప్పేసి, సూట్‌కేసు పైన పెట్టేసి, మిట్టమధ్యాహ్నం అంగడి షట్టరు దించింది. "పదండి, నేనూ వస్తా" అంది.

పుంగనూరు బస్సులో కండక్టరు టికెట్ టికెట్ అంటూ వస్తుంటే, ఆ ఖాకీ చొక్కా చూసి అమ్మ నా చంక కిందికి దూరిపోయింది. రత్నమ్మక్క లేచి మా ఇద్దరికీ అడ్డంగా నిలబడి టికెట్లు తీసుకుంది, ఊరు వచ్చేదాకా కూర్చోలేదు. మా వీధిలోకి తిరగగానే ఎదురింటి సావిత్రమ్మ, ఆమె చెడ్డ మనిషేమీ కాదు, అందరినీ అడిగినట్టే అడిగింది. "ఏం రెడ్డెమ్మా, పెట్టెలు యెనకాల వస్తాండాయా?" అరుగుల మీద ఉన్నవాళ్ళంతా మా చేతులు చూశారు. అమ్మ తల ఇంకా కిందికి దిగింది. రత్నమ్మక్క ఏదో ఒక అబద్ధం చెబుతుందని, అందులో ఆమెను మించినవాళ్ళు లేరని, ఆశగా ఆమె వైపు చూశాను.

"పెట్టెల్లేవమ్మా. పోలీసోళ్ళు పట్టుకుని పంపించినారు" అంది రత్నమ్మక్క. వీధి చివరకు వినపడేంత గట్టిగా చెప్పింది. "అకామా లేకుండా ఇండ్లల్లో గిన్నెలు కడిగింది, అదే తప్పు. నన్నూ అట్లే పంపించినారు. నేనూ ఉత్త సేతుల్తోనే వచ్చినా. మా ఆయన తలుపు తీయలే." ఆ చివరి మాట దగ్గర కొంగు పిడికిట్లో బిగించడం నాకు కనపడింది. ఇన్నేళ్ళు దాచుకున్నది మా అమ్మ కోసం నడివీధిలో పెట్టేసింది. కొందరు లోపలికి వెళ్ళిపోయారు. సావిత్రమ్మ మాత్రం చెంబుతో నీళ్ళు తెచ్చి అమ్మ చేతికి ఇచ్చింది.

దానికి రత్నమ్మక్క మూల్యం చెల్లించింది. ఆమె దగ్గర పెట్టెలు తీసుకున్న ఆడవాళ్ళు తమ గుట్టు కూడా బయటపడుతుందని హడలిపోయి ఆ సందులోకి రావడం మానేశారు, ఒకామె వచ్చి తిట్టిపోయింది కూడా. రత్నమ్మక్క తర్వాత వచ్చినవాళ్ళలో పెట్టె కావాలన్నవాళ్ళకు పెట్టె ఇచ్చింది, తోడు కావాలన్నవాళ్ళకు షట్టరు దించి తోడు వెళ్ళింది. నా పెళ్ళయి కుప్పం వచ్చేశాక కొన్నేళ్ళకు జబ్బుచేసి పోయింది.

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. ఇన్నేళ్ళయినా, కూరగాయలకు బయల్దేరే ముందు గడప దగ్గర ఆగి, చేతిసంచి నోరు తెరిచి నాకు చూపిస్తుంది. కన్నకూతురికి, నా ఇంట్లో, లోపల ఏమీ లేదని చూపిస్తుంది. వద్దమ్మా అని మొదట్లో బతిమాలేదాన్ని, ఒకసారి కసిరాను కూడా. అలా అంటే సంచి తలకిందులు చేసి దులిపి చూపించేది. ఇప్పుడు ఏమీ అనను. ఇంటికి తాళం వేసి, చెప్పులేసుకుని, ఆమె చేయి పట్టుకుని నేనూ బయల్దేరతాను.