లోపల వదిలిన గుడ్డ

మనిషి తన రాబోయే రోజుల గురించి ఏమనుకుంటున్నాడో తెలుసుకోవాలంటే చెయ్యి చూడక్కర్లేదు, ముఖం చూడక్కర్లేదు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినప్పుడు ఆ మనిషి మాట వింటే చాలు. ఈ సిద్ధాంతం వీధి మలుపులో కుట్టు దుకాణం నడిపే పెద్దమ్మది.

ఆమెకు పేరుంది, ఉండకేం? కానీ దుకాణం తెరిచిన కొత్తలో అందరూ అక్కా అన్నారు, తర్వాత అత్తా అన్నారు, ఇప్పుడు వీధి వీధంతా పెద్దమ్మా అంటోంది. పిలుపు మారిందే తప్ప పని మారలేదు. భర్త పోయేనాటికి కూతురు ఇంకా మిషను కింద పాకుతూ దారపు ఉండలు నోట్లో పెట్టుకునే వయసు. ఆ మిషనే కూతురికి అన్నం పెట్టింది, చదువు చెప్పించింది, పెద్దాసుపత్రిలో నర్సును చేసింది. దుకాణం అంటే ఒక్కటే గది. కిటికీ పక్కన మిషను, మధ్యలో కత్తిరింపు బల్ల, గోడకు నిలువుటద్దం, అద్దం ముందు కొలతలకు నిలబడే చిన్న పీట.

ఆ పీట ఎక్కితే ఎవరి గుట్టయినా బయటపడాల్సిందే. బడిపిల్లలు ఊపిరి బిగబట్టి, మడమలు పైకెత్తి నిలబడతారు. "ఇంకా పొడుగవుతాను, పెద్దది కుట్టు పెద్దమ్మా" అంటారు. కాళ్ల దగ్గర రెండు మడతలు వేసి లోపల గుడ్డ వదిలితే అది చూసి మురిసిపోతారు, అప్పుడే పెరిగిపోయినట్టు. పదిహేడేళ్ల వాళ్లు అద్దం వదలరు. "ఇంకాస్త బిగించండి" అంటారు. వాళ్ల లెక్కలో ఇవాళ్టి నడుమే శాశ్వతం. నలభై దాటినవాళ్లది మరీ విడ్డూరం, వాళ్లు కాలంలో వెనక్కి నడుస్తారు. "రేపట్నించి పొద్దున్నే పరుగు మొదలుపెడుతున్నా, తగ్గిపోతాను, సన్నంగానే కుట్టండి" అంటారు. పెద్దమ్మ అలాగే అని తల ఊపి, లోపల మాత్రం బొటనవేలు వెడల్పున గుడ్డ వదిలి కుడుతుంది. కొన్నాళ్లకు వాళ్లే తలుపు ఓరగా తెరిచి, లోపల ఎవరూ లేరని చూసుకుని వస్తారు. "ఏం లేదు, ఉతికితే కుదించుకుపోయింది" అంటారు. పాపం, గుడ్డలన్నీ నలభై ఏళ్లవాళ్ల ఒంటిమీదే కుదించుకుపోతాయి.

ముసలివాళ్ల దగ్గరికొచ్చేసరికి పెద్దమ్మకు ఒళ్లు మండుతుంది. "నాకేం వదలక్కర్లేదమ్మా, ఇదే ఆఖరి జత" అంటారు ఒక్కొక్కళ్లు. "ఆఖరిదని మీకెవరు కబురు పంపారు?" అని దులిపేస్తుంది. అలా దులిపించుకునేవాళ్లలో మొదటివాడు రైలు తాత. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ రైలింజను నడిపాడు కాబట్టి ఆ పేరు. ఎనభై దాటాయి, నడక మాత్రం ఇంకా రైలు తప్పిపోతుందన్నట్టే ఉంటుంది. ఆయన కుట్టించుకున్న ఆఖరి పంట్లాములు లెక్కపెడితే ఒక బీరువా నిండుతుంది. పెద్దమ్మ ప్రతిసారీ పంట్లాం తిరగేసి, లోపల వదిలిన గుడ్డ ఆయన వేలికి తగిలించి, "ఇదిగో, ఇది మీ వచ్చే ఏడాది బాబాయిగారూ" అని చేతికిస్తుంది.

ఇలాంటి పెద్దమ్మకు వానాకాలంలో వేలిలో సూది దిగింది. కుట్టుపని చేసేవాళ్లకు అదేం కొత్త కాదు. కానీ కట్టు కట్టింది కూతురు. కూతురికి వార్డులో రోజూ కనబడేది కిందపడ్డ ముసలివాళ్లు, తుంటి విరిగినవాళ్లు, ముద్ద మింగలేనివాళ్లు. ఆ వేలు చూడగానే ఆమెకు అమ్మ కూడా మంచం మీద కనబడింది.

"ముసలితనం అంటే ఏంటో నీకు తెలీదమ్మా. నేను రోజూ చూస్తున్నాను. ఇంక చాలించు, మా ఇంట్లో కూర్చో" అంది.

పెద్దమ్మ ఏమీ అనలేదు. కట్టు కింద వేలు సలుపుతోంది, ఆ క్షణాన కూతురు చెప్పింది నిజమేమో అనిపించింది కూడా. ఆ మౌనాన్ని ఒప్పుకోలు కింద జమకట్టి కూతురు చకచకా పనులు చక్కబెట్టేసింది. నెలాఖరుకు దుకాణం ఖాళీ చేస్తామని, గది అద్దెకిచ్చిన ఇంటివాళ్ల అబ్బాయికి చెప్పేసింది. ఆ అబ్బాయి సెల్‌ఫోన్లు అమ్మే ఆయన్ను వెతికిపెట్టి, శనివారం సాయంత్రం గది కొలుచుకోవడానికి తీసుకొస్తానన్నాడు. "చలికాలం ఇంట్లో వెచ్చగా ఉంటుంది, కోటు కుట్టుకో" అని కూతురు మందపాటి నీలం ఉన్నిగుడ్డ కూడా తెచ్చిచ్చింది. అసలు జవాబు పెద్దమ్మకు కట్టు కట్టిన రాత్రే గిన్నెలు కడుగుతుంటే తట్టింది గానీ, వినడానికి పక్కన ఎవరూ లేరు.

శనివారం మధ్యాహ్నం. కూతురు డ్యూటీలో ఉంది. తొమ్మిదేళ్ల మనవరాలు బల్ల కింద కూర్చుని పీలికలు ఏరుకుంటోంది. పైపైన పచ్చికుట్లు వేసిన నీలం కోటు బల్లమీద ఉంది.

"అమ్మమ్మా, నాకు ఇరవై వచ్చేసరికి నువ్వుంటావా?" అంది పిల్ల, ఉప్పందుకో అన్నంత మామూలుగా.

"ఎందుకుండనే?"

"అప్పుడు నీకు వంద వచ్చేస్తాయి కదా."

"వందెక్కడివే నీ మొహం! అప్పటికి ఎనభై కూడా రావు."

"అంటే వందే కదా" అంది పిల్ల. ఆమె లెక్కలో అమ్మ వయసు దాటాక మిగతా అంకెలన్నీ ఒకటే.

అంతలో గుమ్మంలోంచి "అమ్మాయ్, ఉన్నావా?" అని కేక. రైలు తాత. అమ్మమ్మను పట్టుకుని అమ్మాయ్ అన్నందుకు బల్ల కింద పిల్ల కిసుక్కున నవ్వింది.

"నవ్వుతావేంటే? నేను ఇంజనెక్కిన కొత్తలో మీ అమ్మమ్మ రెండు జడలేసుకుని తిరిగేది. నాకెప్పటికీ అమ్మాయే" అని తాత కుర్చీలో కూలబడ్డాడు. ఆయన బూడిద రంగు పంట్లానికి ఒక్క గుండీ మిగిలింది. పెద్దమ్మ అది కుడుతుంటే ఆయన చేతులు ఊరుకోక బల్లమీది కోటు అందుకున్నాడు. ఇన్నేళ్లుగా ఆమె దగ్గర నేర్చుకున్న అలవాటు కొద్దీ దాన్ని తిరగేశాడు.

"ఇదెవరిదమ్మాయ్?"

"నాదే బాబాయిగారూ."

తాత బొటనవేలు కుట్టు వెంబడి పైనుంచి కిందికి నడిచింది. మళ్లీ పైకి నడిచింది. "మరి లోపల గుడ్డేదీ?"

"గుడ్డ లేకపోవడమేంటి, చోద్యం కాకపోతే!" అంటూ పెద్దమ్మ లేచి వచ్చి చూసింది. పక్క కుట్టు చూసింది, కోటు చేతులు చూసింది, కింద అంచు చూసింది. ఎక్కడా గోరంత గుడ్డ కూడా లేదు. కుట్టుకు ఆనుకుని కత్తిరించేసింది. తెచ్చిన గుడ్డ ఎంత తక్కువ పడినా, ఎవరు వద్దని బతిమాలినా, జీవితంలో ఎవరికీ అలా కత్తిరించలేదు.

"నేను ఆఖరి జతంటే నన్ను ఉతికి ఆరేస్తావు. నువ్వు నోటితో అనలేదంతే, కత్తెరతో అనేశావు" అన్నాడు తాత. వెక్కిరింపు కాదది. ఆయన ముఖం నిజంగానే చిన్నబోయింది.

పెద్దమ్మకు భయం వేసింది. వేలిలో సూది దిగినప్పుడు కూడా అంత భయం వేయలేదు. సాయంత్రం వచ్చేవాళ్లకు ఏం చెప్పాలా అని వారం రోజులుగా ఆలోచిస్తూనే ఉంది, ఇంకా ఏదీ తేల్చుకోలేదనుకుంది. చెయ్యి ఎప్పుడో తేల్చేసుకుంది! కూతురు ఊహించిన ముసలమ్మకు కొలతలు తీసి, ఆ ముసలమ్మకు కోటు కత్తిరించింది. ఇంక పెరగదు, తరగదు, ఎక్కడికీ వెళ్లదు, కూర్చుంటుంది. భయం వెనకే కోపం వచ్చింది. కూతురి మీద కాదు, తన మీదే. ఆ కోపం వచ్చాక ప్రాణం కాస్త తెరిపినపడింది.

"ఏయ్, ఆ నీలం పీలికలు ఇలా తే!"

"అవి లేవుగా. నా బొమ్మలకి మఫ్లర్లు చేశాను" అంది మనవరాలు, ముక్కముక్కలైన నీలాన్ని చూపిస్తూ.

పెద్దమ్మ అటూ ఇటూ చూసింది. తాత పంట్లాం గుడ్డలో మిగిలిన బూడిద రంగు ముక్క కనబడింది. "బాబాయిగారూ, ఇది నేను తీసుకుంటున్నా."

"నా గుడ్డ నీకెందుకు?"

"మీకు మాత్రం ఎందుకు? ఇదే ఆఖరి జతన్నారుగా."

"ఆగాగు!" అని తాత కుర్చీలోంచి సగం లేచాడు. "సగం ఉంచు. వచ్చే ఏడాది మోకాళ్ల దగ్గర అరిగితే..." అని, తన నోట వచ్చిన మాట తనకే వినబడి ఆగిపోయాడు. ముందు పెద్దమ్మ నవ్వింది, తర్వాత ఆయన నవ్వాడు, ఎందుకో తెలియకపోయినా పిల్ల అందరికంటే గట్టిగా నవ్వింది. చివరికి ముక్కలో సగం ఆమెకిచ్చి, సగం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

పెద్దమ్మ పచ్చికుట్లు విప్పింది. నీలం అంచులకు లోపలి వైపు బూడిద పట్టీలు అతికి, మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది. రేపెప్పుడైనా వదులు చేస్తే నీలం కోటు పక్కన బూడిద చార బయటపడుతుంది. పడనీ.

రెండో వైపు కుడుతుండగా ముగ్గురూ ఒకేసారి వచ్చారు. ముందు ఇంటివాళ్ల అబ్బాయి, వెనక టేపు పట్టుకున్న సెల్‌ఫోన్ల ఆయన, వాళ్ల వెనక డ్యూటీ దిగిన కూతురు. తెల్ల యూనిఫాం నడుము దగ్గర గుండీ పట్టక కూతురు పిన్నీసు పెట్టుకుంది. ఎండాకాలానికి తగ్గిపోతానని రెండేళ్లుగా పిన్నీసుతోనే నెట్టుకొస్తోంది.

"కొలుచుకోమంటారా పెద్దమ్మా?" అన్నాడు అబ్బాయి.

"ఒద్దు నాయనా. ఆయనకి ఇంకో కొట్టు చూపించు. నేను ఖాళీ చెయ్యడంలేదు."

"అమ్మా!" అంది కూతురు. "వేలు గుర్తుందా? వయసు గుర్తుందా? రోజూ నేను చూస్తున్నదేంటో తెలుసా నీకు?"

గిన్నెల దగ్గర తట్టిన జవాబు ఇన్నాళ్లకు పనికొచ్చింది. "నువ్వు చూసేది ఆసుపత్రికి వచ్చినవాళ్లని. రానివాళ్లంతా నా దగ్గరికొస్తారే తల్లీ. వాళ్లనీ లెక్కలో వేసుకో" అంది పెద్దమ్మ. "నీ భయం నాకర్థమైంది. నాకూ ఇవాళ భయమేసింది. చీకటి పడ్డాక మిషను ముట్టుకోను. వేలికి తొడుగు పెట్టుకుంటాను. నువ్వు రమ్మన్నప్పుడల్లా వచ్చి చెయ్యి చూపించుకుంటాను. ఇంట్లో కూర్చోమంటే మాత్రం కూర్చోను."

సెల్‌ఫోన్ల ఆయన టేపు చుట్టి జేబులో పెట్టేసుకున్నాడు. ఇంటివాళ్ల అబ్బాయి బుర్ర గోక్కుని, "మా అమ్మ ముందే చెప్పింది, ఆవిడ కదలదురా అని" అంటూ ఆయన్ను వెంటపెట్టుకుని వెళ్లాడు.

కూతురు మిషనుమీది కోటు తీసింది. లోపలి బూడిద పట్టీ చూసింది. "ఇదెందుకు?"

"ఒళ్లొస్తే విప్పుకోవడానికి."

"ఈ వయసులో ఒళ్లొస్తుందా?"

"రావచ్చు. చిక్కిపోనూవచ్చు. నాకేం తెలుసు? ఇంకా అక్కడిదాకా వెళ్లలేదుగా."

కూతురికి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. కోటు మడిచి బల్లమీద పెట్టింది. తర్వాత తలుపు దగ్గరికి వేసి, వీధిలో ఎవరూ చూడటంలేదని చూసుకుని, నడుము దగ్గర పిన్నీసు తీసింది.

"ఇది... ఉతికితే కాస్త కుదించుకుపోయిందమ్మా."

పెద్దమ్మ నవ్వలేదు. ఆ యూనిఫాం కుట్టిన రోజు కూతురు వద్దు వద్దన్నా లోపల వదిలిన గుడ్డ అక్కడే ఉందని ఆమెకు తెలుసు. పీట జరిపి, "ఎక్కు" అని కొలతల టేపు అందుకుంది.