బయటి పెట్టె ముందు ఆరేసిన చీర

ఏసీ మళ్లీ ఆగిపోతోందని చెప్పడానికి మొన్న పొద్దున మా మెకానిక్ అన్నకు ఫోన్ చేశాను. వాళ్లావిడ ఎత్తింది. ఎప్పుడు ఆగింది, ఎంతసేపటికి మళ్లీ తిరిగింది, లోపలి పెట్టె నుంచి నీళ్లు ఎన్నాళ్లుగా కారుతున్నాయి, నేను రాసిపెట్టుకునే పుస్తకం చూసి వరుసగా చెప్పాను. ఆమె అడ్డు రాకుండా అంతా విని, "శనివారం పోయిండమ్మా. గుండె ఆగింది" అంది.

అప్పటి నుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి అత్తమ్మ గదిలోకి తిరుగుతున్నాను.

మాది దమ్మపేట. అత్తమ్మకు ఆయాసం. ఎండకూ తాళలేదు, అడవి వైపు నుంచి వచ్చే చలికీ తాళలేదు. అందుకని చల్లగానూ వెచ్చగానూ ఊదే ఏసీ పెట్టించాం. బిగించింది ఆయనే.

"ఇది వేడి పుట్టియ్యదు, చల్లదనం పుట్టియ్యదు చెల్లె. హమాలీ లెక్క మోస్తది. ఎండకాలం లోపలి వేడిని బయట పడేస్తది, చలికాలం బయటి వేడిని లోపలికి తెస్తది."

"చలికాలం బయట వేడెక్కడిదన్నా?"

"నీకు దొరకదు. దానికి దొరుకుతది."

ఫిల్టర్ జాలీ నెలనెలా కడగమన్నాడు. ఆగినప్పుడల్లా తేదీ, టైము రాసిపెట్టమన్నాడు. రాయడం నాకు ఇష్టమైన పనే.

ఒక వానాకాలం అది రోజూ పొద్దున పదకొండు దాటాక ఆగడం మొదలుపెట్టింది. ఫోన్ చేస్తే సత్తుపల్లి నుంచి బస్సులో వచ్చేవాడు. ఆయన వచ్చేసరికి మంచిగా తిరిగేది. గ్యాస్ చూశాడు, స్టెబిలైజర్ చూశాడు, లోపమేమీ లేదు. రెండోసారీ అంతే.

"ఏంది బిడ్డా, నువ్వొస్తే తిరుగుతది, పోతే పండుకుంటది. నిన్ను జూస్తే దానికి భయమా?" అంది అత్తమ్మ మంచంలోంచి.

"మా ఇంట్ల ఎవ్వరికీ లేదు పెద్దమ్మా. దానికన్నా ఉండనియ్యి."

మూడోసారి చెప్పకుండా వచ్చాడు. పెరట్లోంచి పిలుపు వినిపించింది: "చెల్లె, జర ఇటు రా."

బయటి పెట్టె ముందు తాడు మీద నా తడి చీర, రెండు దుప్పట్లు. ముసురుకు బట్టలు ఆరవు. ఆ పెట్టె ఊదే వేడిగాలికి గంటలో ఆరిపోతాయి. ఆ ఉపాయం నాదేనని కొంచెం గర్వం కూడా ఉండేది. గాలికి దారి మూస్తున్నానని తెలియదు. ఆయన వస్తున్నాడంటే, మనిషి వచ్చే వేళకు ఈ బట్టలేమిటని తీసి లోపల పెట్టేసేదాన్ని.

కోప్పడతాడనుకున్నాను. నా పుస్తకం తిరగేసి నవ్వాడు. "అన్నీ రాసినవ్. ఈ చీర ఒక్కటి రాయలే. నేనొస్తున్ననంటే ఇల్లు సర్దుతున్నవ్ చెల్లె. ఇల్లు సర్దితే జబ్బు దాక్కుంటది." అవతలి గోడకు తనే మేకు కొట్టి తాడు అక్కడ కట్టి వెళ్లాడు.

ఈ ఎండాకాలం మొదట్లో సర్వీసింగ్‌కు వచ్చినప్పుడు ఎప్పటిలాగే ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. బయటి పెట్టె కడుగుతూ కడుగుతూ పెరటి మెట్టు మీద కూర్చుండిపోయాడు. చొక్కా వీపంతా తడిసిపోయింది.

"ఏందన్నా, ఒంట్లో మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్న. ఎండ గదా."

మంచినీళ్లు తాగి, ముఖం తుడుచుకుని, చొక్కా సరిచేసుకుని లేచాడు. నేను నమ్మాను. దవాఖానాకు పో అన్నా అని ఒక్క మాట అనలేదు. మొన్న వాళ్లావిడతో మాట్లాడి ఫోన్ పెట్టేశాక, పుస్తకంలో ఆ సర్వీసింగ్ రోజు పేజీ తీసి చూశాను. జాలీ కడిగాం. గ్యాస్ సరిపోయింది. ఆయన మెట్టు మీద కూర్చున్న సంగతి అందులో లేదు.

ఇవాళ కొత్త మెకానిక్ వస్తానన్నాడు. అలవాటు కొద్దీ గది తుడిచాను, నీళ్లు కారే చోట పెట్టిన బకెట్ తీసి పారబోసి బయట పెట్టాను. వాకిటి దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, ఆ బకెట్ మళ్లీ తెచ్చి అక్కడే పెట్టాను.

"ఏందే, మనిషొచ్చే యాళకు నడిగదిల బకెటు?" అంది అత్తమ్మ.

"ఉండనియ్యి అత్తమ్మా. చూడనియ్యి."

ఖాళీ బకెట్‌లో చుక్క పడింది. ఇంకోదాని కోసం అక్కడే నిలబడ్డాను.