జక్రయ్య చావులు

చచ్చిపోవడంలో జక్రయ్యను మించినవాడు మా జిల్లాలో లేడు. ఊపిరి ఆడుతోందో లేదో తెలియదు. రెప్ప కొట్టుకోదు. చెయ్యెత్తి వదిలితే తడిగుడ్డలా పడుతుంది. నవ్వుతూ చూడబోయినవాళ్లు చెమటలు తుడుచుకుంటూ వెనక్కి వచ్చేవారు.

గుంటూరు మిర్చియార్డులో హమాలీగా ఉన్నప్పుడు మధ్యాహ్నంపూట మిరపకాయల బస్తాలు, అదే టిక్కీల మధ్య శవమై పడుకునేవాడు. కాకులు కూడా తుమ్మే ఆ ఘాటులో ఆయన ముక్కు అదిరేది కాదు. కొత్త గుమస్తా ఒకడు హడలిపోయి దండ తెచ్చి వేశాడు. జక్రయ్య కళ్లు తెరిచి, "బంతిపూలా? చామంతులు దొరకలేదా?" అన్నాడు. గుమస్తా మళ్లీ యార్డు ముఖం చూడలేదు.

చర్చిలో ఈస్టరు నాటకానికి, చచ్చి నాలుగు రోజులయ్యాక యేసు పిలిస్తే లేచొచ్చే లాజరు వేషం ఏటా ఆయనదే. ఒక ఏడు, యేసు వేషంలో లాజరును సమాధిలోంచి పిలవాల్సిన ప్రసన్నకుమార్ మాట మరిచిపోయి ఇంటికి పారిపోయాడు. పాస్టరుగారు పిలిచారు. సంఘమంతా పిలిచింది. జక్రయ్య లేవలేదు. ప్రసన్నకుమార్‌ను వెతికి లాక్కొస్తే గానీ సమాధి కదల్లేదు.

"ఈయన నిజంగా పోయిన రోజు నాకు తెలిసేదెట్టా అన్నయ్యా?" అని ఆయన భార్య సంతోషకుమారి నన్ను అడిగేది.

చీమకుర్తి దగ్గర వదిలేసిన గ్రానైట్ క్వారీ గుంటలో అఖిల అనే ఆమె స్కూబా రెస్క్యూ డైవర్ కోర్సు నడుపుతోంది. గాలి సిలిండరు కట్టుకుని నీళ్లలోకి దిగి, ఆపదలో ఉన్నవాణ్ని బయటికి తేవడం నేర్పుతారు. నేర్చుకోవాలంటే మునిగినవాడొకడు కావాలి గదా. జక్రయ్యకు ఇంతకన్నా తగిన కొలువు ఎక్కడుంది?

పరీక్ష రోజు నేనూ వెళ్లాను. నాలుగువైపులా నిలువునా కోసిన నల్లరాయి. అడుగు కనిపించని నీళ్లు. మనం అన్న మాట గోడలన్నీ తిరిగి ఇంకెవరి గొంతుతోనో వెనక్కి వస్తుంది. మధ్యలో, గాలి నింపిన జాకెట్టు మీద వెల్లకిలా తేలుతున్నాడు జక్రయ్య. నోరు కొంచెం తెరిచి ఉంది. తూనీగ ఒకటి వచ్చి రెప్ప మీద వాలింది. రెప్ప కదల్లేదు.

కోర్సు నేర్చుకుంటున్న కొత్తపట్నం జాలరి అంకమ్మరావు ఈదుకుంటూ వెళ్లి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకుని వదిలేశాడు.

"జాకెట్టు పట్టుకో అంకమ్మరావ్! ఇంకోసారి!" అని అరిచింది అఖిల.

మళ్లీ పట్టుకున్నాడు. మళ్లీ వదిలేశాడు. గట్టుకొచ్చి సిలిండరు పట్టీలు విప్పేశాడు.

"నావల్ల కాదు మేడమ్. పోయినేడు పడవ తిరగబడినప్పుడు మా బావ చెయ్యి ఇట్టాగే జారిపోయింది. నేను పట్టుకున్నోడు బతకడు. ఇంక నీళ్ల జోలికి రాను."

అఖిల ఆ సిలిండరు తీసి పక్కన పెట్టింది. "సరే, ఈ రోజుకు చాలు. జక్రయ్యగారూ, లేవండి!"

గోడలు "లేవండి" అన్నాయి. జక్రయ్య లేవలేదు. మేం నవ్వాం. అఖిల విజిల్ ఊదింది. గోడలూ ఊదాయి. ఆయన అలాగే మెల్లగా గుండ్రంగా తిరిగాడు. పెదాలు నేరేడుపండు రంగులోకి వచ్చాయి. తూనీగ ఎగిరిపోయింది. మా నవ్వు ఎప్పుడు ఆగిందో తెలియదు.

"ఆయన నిజంగానే..." అని అఖిల దిగబోయేలోపు నీళ్లు ధబేల్మన్నాయి. సిలిండరు లేకుండానే దూకాడు అంకమ్మరావు. ఒక చేత్తో జాకెట్టు, ఇంకో చేత్తో జుట్టు దొరకబుచ్చుకున్నాడు.

"పెద్దాయనా! ఓ పెద్దాయనా! పోమాక!"

పోమాక, పోమాక అని గుంటంతా అరిచింది. ఆయన్ని బండమీదికి ఈడ్చి, ముక్కు మూసి, నోట్లో ఊపిరి ఊదడానికి వంగాడు.

జక్రయ్య ఒక కన్ను తెరిచాడు. "ఆగాగు. బీడీ తాగొచ్చావేంట్రా?"

అంకమ్మరావు ఏడుస్తూ బూతులు లంకించుకున్నాడు. "చచ్చావనుకున్నా గదయ్యా! మేడమ్ పిలిస్తే లేవవేంది?"

"ఆవిడ పిలిస్తే నేను లేస్తే, నువ్వు నన్ను నీళ్లలో వదిలేసి ఇంటికి పోయినట్టు గాదంట్రా? బతికినంతకాలం ఆ బరువు మోసేవాడివి." ఆయన పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. "నిజంగా చచ్చుంటే వదిలేసేవాడివా?"

"వదల్ను!"

"మరి బతికున్నాగా. ఇప్పుడన్నా ఆ జుట్టు వదులు, నొప్పెడతంది."

జీపు ఎక్కేదాకా అంకమ్మరావు వదల్లేదు.