గోడ కింది బావులు

1890ల తొలి సంవత్సరాల్లో నన్ను రాజమహేంద్రవరం నుంచి నరసాపురం సెక్షనుకు ఓవర్సీరుగా బదిలీ చేశారు. చేరిన కొద్ది రోజులకే, ఆశ్వయుజ మాసంలో, మొగల్తూరుకు దిగువన సముద్రం దగ్గరున్న ఒక పాత గిడ్డంగిని పరీక్షించి రమ్మని మా ఇంజనీరు దొరగారి ఉత్తర్వు వచ్చింది. ఒకప్పుడు ఓడలకెక్కే బట్టల మూటలు దాచిన కట్టడం అది. కట్టించినది ఎవరో చెప్పగలిగినవారు అప్పటికే లేరు. ఇప్పుడు అది ఎలా ఉందో, ఇక ముందు నిలబెట్టడానికి ఏటా ఎంత ఖర్చవుతుందో నేను తేల్చాలి. ఖర్చు మరీ ఎక్కువైతే పడగొట్టి ఇటుక అమ్మేస్తారు.

అందులో వలలు దాచుకునే జాలరి పేటకు పోలయ్య పెద్ద. అతని భార్య సత్తెమ్మ నన్ను చూడగానే అడిగింది: “పడగొట్టేత్తారాండి?”

చూడకుండా చెప్పలేనన్నాను.

“అయితే బాగా సూడండి బాబూ. గాలివానొత్తే మాకిదొక్కటేనండి దిక్కు.”

మా పనిలో కళ్ళతో పాటు చెవులూ కావాలి. కొయ్య సుత్తితో తట్టుకుంటూ పోతే, గోడను పట్టుకుని ఉన్న పూత గట్టిగా పలుకుతుంది. విడిపోయిన పూత డొల్లగా మోగుతుంది. తాడుకు కట్టిన ఇత్తడి గుండును పైనుంచి వేలాడదీస్తే గోడ ఎంత వాలిందో తెలుస్తుంది. సముద్రం వైపు గోడ లోపలికి వాలి ఉంది. మూటల కోసం వేసిన అటక దూలాల్లో ఇనుప చువ్వ గుచ్చి చూశాను. పడమటి దూలాలను చెదలు తినేశాయి. తూర్పువి రాయిలా ఉన్నాయి. అప్పటికే పొద్దు వాలడంతో, పునాది పక్కన గుంట తవ్వించి చూడడం మర్నాటికి పెట్టుకుని అక్కడే ఆగిపోయాను.

తెల్లవారేసరికి గాలి తిరిగింది. మధ్యాహ్నానికి గుడిసెల కప్పులు లేచిపోయి, పేటంతా పిల్లాజెల్లాతో గిడ్డంగిలోకి వచ్చింది. సముద్రం ఇసుక దిబ్బలు దాటి వస్తోందని గుమ్మంలోంచి చూసి పోలయ్య అరిచాడు. మగవాళ్ళు పరుగున వెళ్ళి రెండు వైపులా తలుపులు మూసి అడ్డగడియలు వేశారు.

తలుపు సందుల్లోంచి నీరు చిమ్మసాగింది. నేను వాలిన గోడ వైపే చూస్తున్నాను. ఒక పక్కనే పేరుకున్న నీటికి ఎంత తోపుడు ఉంటుందో కాలువల మీద పనిచేసిన నాకు తెలుసు. అందరినీ అటక మీదికి, అదీ తూర్పు సగంలోకే ఎక్కించి, తలుపులు తీసెయ్యమన్నాను.

“సముద్రాన్ని లోపలికి రమ్మంటారేంటండీ?” అన్నాడు పోలయ్య.

“బయట నిండి లోపల ఖాళీగా ఉంటే గోడ మన మీదికే వస్తుందయ్యా. రెండు పక్కలా సమంగా ఉంటే నిలుస్తుంది.”

అతను కదల్లేదు. అటక మీది నుంచి సత్తెమ్మ కేకేసింది: “నిన్నంతా ఆ గోడని తడిమి సూసింది ఆయనే గదా! తియ్యండెహె!”

గడియలు తీసి మేమూ గబగబా అటకెక్కేశాం. నీరు సముద్రం వైపు గుమ్మంలోంచి ఏనుగుల మందలా వచ్చి, అవతలి గుమ్మంలోంచి సాగిపోయింది. మేమంతా దూలాల మీద ఒకరినొకరం పట్టుకుని కూర్చున్నాం. నీరు గోడకు కొట్టుకున్నప్పుడల్లా ఆ అదురు నా వెన్నులో తెలిసేది. పొద్దుగూకే వేళకు నీరు తీసింది. గోడ నిలిచే ఉంది.

మర్నాడు బయటికి వచ్చి చూసినవాణ్ణి అలాగే ఆగిపోయాను. కెరటాలు గోడ వెంట లోపలా బయటా ఇసుకను మనిషి లోతున కోసుకుపోయాయి. అక్కడ, పునాది ఉండాల్సిన చోట, ఇటుకతో కట్టిన గుండ్రటి బావులు వరుసగా నిలబడి ఉన్నాయి. ఒక్కో బావి మీది నుంచి పక్క బావి మీదికి కమాను. ఆ కమానుల మీద గోడ. వాటి కింది నుంచి అవతలి పక్క వెలుతురు కనబడుతోంది. వంతెన స్తంభాలకు మేమూ ఇలాగే బావులు దింపేవాళ్ళం, నదిలో; పై ఇసుక కొట్టుకుపోయినా వాటి అడుగు లోతున కదలకుండా ఉంటుందని. బట్టల మూటలు దాచే కొట్టు కోసం ఈ ఇసుకలో ఇంత లోతుకు ఎవరు దిగారో, సముద్రం ఒకనాడు ఇక్కడికి వస్తుందని ఎలా అనుకున్నారో! తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాను. సున్నపు అతుకును గోటితో గీకితే రవ్వంతయినా రాలలేదు.

“మా తాతలకీ తెలీదండి ఇది,” అన్నాడు పోలయ్య, గొంతు తగ్గించి.

బావుల చుట్టూ రాళ్ళు పోసి ఇసుక నింపాలనీ, పడమటి దూలాలు మార్చాలనీ, వాలిన గోడకు లోపలి వైపు ఊతగోడలు కట్టాలనీ, ఏటా వానలకు ముందు పూత చూసుకుంటే చాలుననీ రిపోర్టు రాశాను. ఎన్నేళ్ళు నిలుస్తుందని దొరగారు అడిగారు. చూసుకునేవాళ్ళు ఉన్నన్నాళ్ళూ అన్నాను. ఆయన మంజూరు చేశారు.

ఆ తరువాత ఉద్యోగం వదిలేదాకా, గుంట తవ్వించి పునాది చూడకుండా ఏ పాత కట్టడం మీదా నా అభిప్రాయం రాయలేదు.