పెరుగు లేని పది రోజులు

మూఢం వస్తే ఫిల్మ్‌నగర్‌లో కొబ్బరికాయలకు గిరాకీ పడిపోతుంది. ముహూర్తాలుండవు, కొత్త సినిమాలు మొదలవవు, మా బోటి వాళ్ళకు గోళ్ళు గిల్లుకోవడం తప్ప పనుండదు. తొంభైల మొదట్లో, వానాకాలంలో వచ్చిన అలాంటి ఒక మూఢానికి కాస్త ముందు మా ఆవిడ గొంతు పోయింది.

ఆవిడ డబ్బింగ్ ఆర్టిస్టు. తెలుగు రాని హీరోయిన్లకు పదకొండేళ్ళుగా ఆవిడే తెలుగు. నేను అసిస్టెంట్ డైరెక్టర్ని. డబ్బింగ్ థియేటర్లో కాగితం పట్టుకుని ఆవిడకు డైలాగులు అందిస్తూ అందిస్తూ పెళ్ళి చేసుకున్నాను. ఆ నెల ఏదో సినిమాలో హీరోయిన్ తండ్రి చచ్చిపోతే ఈవిడ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏడ్చింది. మర్నాటికి గొంతు జీరబోయింది. రెండు వారాలైనా జీర వదల్లేదు.

బంజారా హిల్స్‌లో గొంతు డాక్టరు అద్దం పెట్టి చూసి, లోపల చిన్న కాయ లేచిందనీ, కొన్నాళ్ళు మాట్లాడొద్దనీ అన్నాడు. యూసుఫ్‌గూడలో ప్రకృతి వైద్యం చేసే పెద్దాయన ఇంకో మెట్టు ఎక్కాడు. పది రోజులు సముద్రపు గాలి, పది రోజులు మౌనం, పాలు పెరుగు నెయ్యి మొదలుకుని గుడ్డు, చేప, మాంసం వరకు ప్రాణి నుంచి వచ్చేదేదీ ముట్టకూడదన్నాడు. మూఢం వెళ్ళగానే ఒక పెద్ద సినిమా డబ్బింగ్ ఉంది. గొంతు తిరిగొస్తే ఆ హీరోయిన్ మా ఆవిడది, రాకపోతే ఇంకొకరిది. నేనూ అదే తిండి తింటానని ఆవేశంలో మాటిచ్చాను. నాలుక ఊరుకోదు కదా.

మా ఇంటి ఓనరమ్మ సంచులు చూసి నవ్వింది. "గీ వానల సముద్రం కాడికి ఎవలన్న పోతరా సారూ? జర ఎండలు గొట్టినంక పోరాదు" అంది. ఎండలు కాసే రోజుల్లో మాకు తీరిక ఎక్కడిది?

పెరుగు సంగతి ఇక్కడే చెప్పాలి. మా ఆవిడకు పెరుగంటే ప్రాణం. చిన్నప్పుడు మీగడ కోసం చెల్లెలితో జుట్లు పట్టుకునేదట. కానీ రికార్డింగుకు ముందు పెరుగు తింటే గొంతు పట్టేస్తుందని ఆవిడ నమ్మకం. రికార్డింగు ఎప్పుడు పడుతుందో తెలియదు కనక ఆ పదకొండేళ్ళూ పెరుగు ముట్టలేదు. నేను ఎదురుగా కూర్చుని గిన్నెడు కలుపుకుని తినేవాణ్ణి. అప్పుడు సిగ్గేసేది కాదు, ఇప్పుడేస్తోంది.

బాపట్ల దగ్గర ఒక డిస్ట్రిబ్యూటరుగారి బీచి ఇల్లు ఖాళీగా ఉంటే తాళాలడిగి వెళ్ళాం. సోడా బళ్ళు తాటాకులు కప్పి కట్టేసి ఉన్నాయి. ఇసక మీద మా అడుగులు తప్ప ఎవరివీ లేవు. సముద్రం నీలంగా ఏమీ లేదు, పాలు తక్కువైన టీ రంగులో ఉంది. అయినా నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ ఇల్లు చూసుకునే వంటావిడ విధవరాలు, క్రైస్తవురాలు, మా కంటే పదేళ్ళు పెద్ద. మేం తినకూడనివన్నీ నేను ఏకరువు పెడుతుంటే నడుం మీద చెయ్యేసుకుని వింది.

"మరేం తింటారు బాబుగారూ, గాలా?"

మా ఆవిడ నవ్వింది, శబ్దం రాకుండా.

"అమ్మగారు మాట్లాడరా?"

నాకు ఇబ్బందొచ్చి పడింది. ఎందుకో చెప్పాలంటే గొంతు సంగతి చెప్పాలి, గొంతు సంగతి చెబితే ఆ గొంతు తెర మీద ఎవరిదో చెప్పాలి. అది బయటపెట్టకూడదన్నది మా సినిమావాళ్ళ కట్టుబాటు. హీరోయిన్ నోట్లోంచి వచ్చేది హీరోయిన్ గొంతేనని జనం అనుకోవాలి. నేను తల అడ్డంగా ఊపాను. వంటావిడ ముఖం జాలితో నిండిపోయింది. పుట్టు మూగ అనుకుందని అప్పుడే తెలిసింది. దిద్దబోతే మా ఆవిడ నా చెయ్యి నొక్కింది.

ఆ జాలి అంతా వంటలోకి దిగింది. కొబ్బరిపాలు పోసిన అరటికాయ కూర, కందా బచ్చలి, సొరకాయ పులుసు, నువ్వులపొడి, పొద్దున్నే బెల్లం వేసిన రాగిజావ. ఒకరోజు కొబ్బరిపాలతో కాఫీ కూడా పెట్టింది. అది ఘోరంగా ఉంది, ఇద్దరం చుక్క మిగల్చకుండా తాగాం. అన్నీ అమృతమే, చివర్లో పెరుగు లేకపోవడమొక్కటే లోటు. అది లేకుండా చెయ్యి కడుక్కుంటుంటే శుభం కార్డు పడకముందే హాల్లోంచి లేచొచ్చినట్టుండేది నాకు.

మధ్యాహ్నాలు వానకు వసారాలో కూర్చునేవాళ్ళం. వంటావిడకు సినిమాల పిచ్చి. చింతపండు పిక్కలు తీస్తూ, బాపట్లలో చూసిన సినిమాలన్నీ మా ఆవిడకు చెప్పేది.

"ఆ హీరోయిన్ పిల్ల గొంతుందే అమ్మా, తేనె. ఏడిస్తే మనకీ ఏడుపొచ్చేస్తది. దేవుడు కొందరికి అంతా ఇస్తాడు" అని, అంతలోనే నాలిక్కరుచుకుని మా ఆవిడ గడ్డం పుణికేది. "బాధపడకమ్మా. నీ కోసం రోజూ ప్రార్థన చేస్తన్నాను."

ఆ పిల్లకు గొంతిచ్చింది మా ఆవిడే. గొంతు లేదనుకుని ఆవిడ గొంతునే పొగిడి ఓదారుస్తుంటే మా ఆవిడ కళ్ళు మెరిసేవి. పదకొండేళ్ళలో ఎవరూ ఎదురుగా చెప్పని మెప్పు అది. ఆ పది రోజుల్లో ఆవిణ్ణి చూసినంతగా నేనెప్పుడూ చూడలేదు, అంతకు ముందు వినడంతోనే సరిపోయేది.

పదకొండో రోజు పొద్దున ఆవిడ వేణ్ణీళ్ళు తాగి వసారాలో సముద్రం వైపు నిలబడింది. థియేటర్లోలాగే పక్కన నిలబడి, రాబోయే సినిమాలో హీరోయిన్ మొదటి మాట అందించాను.

"నేను రాను, నువ్వే రా."

ఆవిడ అంది. గొంతు వచ్చింది. జీర లేదు, వణుకు లేదు. కానీ బరువుగా, కిందికి దిగి వచ్చింది. ఇరవై ఏళ్ళ అమ్మాయి అందులో లేదు. ఇంకోసారి అందించాను, ఇంకోసారి అంది. అదే గొంతు. ఆ గొంతుతో తర్వాత ఎందరో తల్లులూ అత్తలూ తెర మీద మాట్లాడారు. ఆ పొద్దున మాకది తెలియదు. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

వెనక గడప మీద వంటావిడ కూలబడి ఉంది. "ప్రభువా, నీకు స్తోత్రం" అంటోంది. లేచొచ్చి మా ఆవిడ ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఎంత బాగుందమ్మా నీ గొంతు. ఆ సినిమా పిల్ల ఎందుకు పనికొస్తది?"

మా ఆవిడ ఆమె భుజం మీద తల పెట్టి కాసేపు ఏడ్చింది. వంటావిడ అది సంతోషమే అనుకుంది. తర్వాత మా ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఆ కొత్త గొంతుతోనే అడిగింది.

"ఇంట్లో పెరుగుందా అక్కా?"

వంటావిడ తన కోసం తోడేసుకున్న గిన్నె తెచ్చి ముందు పెట్టింది. రాత్రి మిగిలిన చద్దన్నంలో మా ఆవిడ సగం గిన్నె వంచుకుని కలిపింది. నేను చూస్తూ కూర్చుంటే మిగతా సగం నా కంచంలో వేసింది.

"తినండి. ఇక ఏ అమ్మాయి కోసమూ గొంతు కాపాడుకునే పని లేదు నాకు."

పెరుగు బాగా పులిసింది. ఇద్దరం గిన్నె ఖాళీ చేశాం.